బగారా అన్నంలో పుదీనా, కొత్తిమీర ఎప్పుడు వేయాలి?

పెరటి తులసి (హైదరాబాద్)
శనివారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చాక బగారా అన్నం రుచి మరిగాను. పెళ్లి భోజనాల్లో మటన్ కూర పక్కన వడ్డించే ఆ తెల్లటి అన్నం, మధ్యమధ్య పచ్చగా ఆకు, మూత తీయగానే గుప్పుమనే పుదీనా వాసన నాకు బిర్యానీ కంటే ఇష్టం. వచ్చే ఆదివారం మా తమ్ముడి కొత్త ఇంట్లో పాతికమందికి భోజనాలు. మటన్ కూర మా మరదలు చేస్తుంది. అన్నం బాధ్యత నేను తీసుకున్నాను.

లవంగం, చెక్క, యాలకుల విషయంలో నాకు సందేహం లేదు. ఆకు విషయంలోనే స్పష్టత కావాలి. కొందరు ఉల్లిపాయతో పాటే పుదీనా, కొత్తిమీర అంతా వేయించేస్తారు. కొందరు ఎసరులో వేస్తారు. ఇంకొందరు అన్నం ఉడికాక పైన చల్లి మూత పెడతారు. ఆకు పచ్చగా కనిపించాలి, వాసన మెతుకు మెతుకుకూ పట్టాలి. రెండూ దక్కే పద్ధతి ఏది? ఇంట్లో తరచూ చేసేవాళ్లు చెబితే బాగుంటుంది.

ఓరుగల్లు ఇల్లాలు (వరంగల్)
శనివారం, ఉదయం 9:25

తులసి గారూ, బగారా అన్నానికి ప్రాణం ఆకే. కాబట్టి సరైన చోటే మొదలుపెట్టారు. మా ఇంట్లో రెండు విడతలుగా వేస్తాం. ముందు రెండు గ్లాసుల బియ్యానికి కొలత చెబుతాను, తర్వాత మీరు పెంచుకోండి.

బియ్యం కడిగి అరగంట నానబెట్టండి. ఈలోగా చిన్న కట్ట పుదీనా ఆకులు గిల్లి పెట్టుకోండి. పుదీనా కాడలు వద్దు, అవి పీచుగా తగులుతాయి. కొత్తిమీర సంగతి వేరు. లేత కాడల్లో ఆకులో కంటే వాసన ఎక్కువ. కాడలు సన్నగా తరిగి ఒక పక్కన, ఆకు తరిగి ఇంకో పక్కన పెట్టండి. ఇసుక ఉంటుంది కాబట్టి కుళాయి కింద పట్టడం చాలదు. వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి ఆకు ముంచి, పైకి తేలిన ఆకును చేత్తో ఎత్తి తీయాలి. గిన్నెను వంచి వంపేస్తే అడుగుకు దిగిన ఇసుక మళ్లీ ఆకు మీదే పడుతుంది. తీసిన ఆకు జల్లెడలో ఆరాలి.

మందపాటి గిన్నెలో నాలుగు చెంచాల నూనె, ఒక చెంచా నెయ్యి వేడి చేసి షాజీరా, నాలుగు లవంగాలు, మూడు యాలకులు, చిన్న చెక్క ముక్క, రెండు బగారా ఆకులు (బిర్యానీ ఆకులు) వేయండి. షాజీరా ఇట్టే మాడుతుంది, కాబట్టి మంట తగ్గించాకే వేయాలి. తర్వాత నిలువుగా చీరిన ఉల్లిపాయ ఒకటి, పచ్చిమిర్చి నాలుగు. ఉల్లిపాయ మెత్తబడి అంచులు బంగారు రంగుకు తిరిగితే చాలు. ఎర్రగా వేయిస్తే అన్నం రంగు మారిపోతుంది, అది వేరే వంటకం అవుతుంది. అప్పుడు అల్లం వెల్లుల్లి ముద్ద ఒక చెంచా వేసి పచ్చి వాసన పోనివ్వండి.

ఇప్పుడు పుదీనాలో సగం, కొత్తిమీర కాడలన్నీ నూనెలో వేసి ఒక్క నిమిషం తిప్పండి. ఆకు ముడుచుకోగానే నీళ్లు పోయాలి. ఎసరు మరిగాక ఉప్పు వేసి నాలుకకు రాసి చూడండి. ఉప్పు ఒక పిసరు ఎక్కువైందనిపించాలి, బియ్యం పడ్డాక సరిపోతుంది. బియ్యం వేసి, నీళ్లు మెతుకుల మీదకు దిగి గుంటలు గుంటలుగా కనిపించే దాకా పెద్ద మంట. ఆ గుంటలు కనిపించినప్పుడు మిగిలిన పుదీనా, కొత్తిమీర ఆకు పరిచి, మూత పెట్టి, సన్నని మంట మీద పది నిమిషాలు ఉంచి పొయ్యి కట్టేయాలి. ఆపైన మరో పది నిమిషాలు మూత తీయకూడదు. ఈ చివరి పది నిమిషాలను చాలామంది లెక్కచేయరు. మెతుకు విడివిడిగా నిలబడేది అప్పుడే.

సీతాఫలం (మహబూబ్‌నగర్)
శనివారం, ఉదయం 9:50

ఇల్లాలు గారు చెప్పినట్టే మా ఇంట్లోనూ. ఒకటే తేడా, మేము అల్లం వెల్లుల్లి మెత్తగా నూరం, రోట్లో కచ్చాపచ్చాగా దంచుతాం. మెత్తటి ముద్ద గిన్నె అడుగున అంటుకుని మాడుతుంది, ఆ చేదు అన్నానికంతా పాకుతుంది. దంచినది నూనెలో తేలుతూ వేగుతుంది. పచ్చిమిర్చి కూడా ముక్కలు చేయకుండా గాటు పెట్టి వేస్తాం. ఘాటు తగలకుండా వాసన మాత్రం వస్తుంది, పిల్లలు ఏరి పక్కన పెట్టుకోగలరు.

వంటమేస్త్రి (కరీంనగర్)
శనివారం, మధ్యాహ్నం 1:15

పెళ్లిళ్లకు, బోనాల విందులకు వండేవాణ్ని. తులసి గారు పాతికమందికి అంటున్నారు కాబట్టి చెబుతున్నాను. ఇంట్లో రెండు గ్లాసులకు నప్పిన లెక్క మూడు కిలోలకు నప్పదు.

మొదటిది నీళ్లు. గిన్నె పెద్దదయ్యే కొద్దీ బియ్యంతో పోలిస్తే ఆవిరిగా పోయే నీళ్లు తక్కువ. ఇంట్లో సన్నబియ్యానికి ఒకటికి రెండు పోసేవారు మూడు కిలోలకు ఒకటికి ఒకటిముప్పావు దాటవద్దు. నానిన బియ్యం అయితే ఒకటికి ఒకటిన్నర. అన్నం కాస్త పలుకుగా ఉంటే వేడినీళ్లు చిలకరించి మళ్లీ దమ్ము పెట్టుకోవచ్చు. చిమిడిన అన్నాన్ని మాత్రం బాగు చేసే దారి లేదు.

రెండోది ఆకు. నేను పుదీనా అంతా నూనెలోనే వేస్తాను, పైన చల్లను. వాసన నూనెలోకి దిగితేనే అది ఎసరులోకి, అక్కణ్నుంచి మెతుకులోకి పోతుంది. పైన చల్లిన పుదీనా చూడటానికి బాగుంటుంది కానీ, ఆ వాసన పై పొరలోనే ఆగిపోతుంది. వడ్డించేటప్పుడు మొదటి పంక్తికి ఆకు, ఆఖరి పంక్తికి ఒట్టి అన్నం వస్తుంది. వందమంది కూర్చున్న చోట అది అన్యాయం. ఒక్కొక్కరికీ ఒకే రుచి అందాలి. రంగు పోతే పోనివ్వండి అంటాను నేను.

మూడోది కొలత. కూరతో తినే బగారాకు కిలో బియ్యం ఎనిమిది మందికి. మీ పాతికమందికి మూడు కిలోలు సరిపోతాయి. గిన్నె పదిహేను లీటర్లది తీసుకోండి. నిండుగా ఉడికే గిన్నెలో అన్నం కింద ముద్ద, పైన పలుకు అవుతుంది. కిలోకు నూనె నూరు గ్రాములు, నెయ్యి ఇష్టాన్ని బట్టి. పుదీనా కిలోకు ఒక పెద్ద కట్ట, కొత్తిమీర కూడా అంతే. పెద్ద గిన్నె అని మసాలాలు అదే లెక్కన పెంచకండి. మూడు కిలోలకు లవంగాలు పన్నెండు దాటితే నోరు మంట పుడుతుంది, పుదీనా వాసన అణిగిపోతుంది.

కృష్ణవేణి (గుంటూరు)
శనివారం, మధ్యాహ్నం 3:30

నేను కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతాను. ఇద్దరి మాటా నిజమే, కాకపోతే ఇద్దరూ రెండు వేర్వేరు ఆకుల గురించి చెబుతున్నారు.

పుదీనా వాసన ఆకులోని నూనెలోనే ఉంటుంది. మన తోటల్లో పెరిగే పుదీనాలో కార్వోన్ అనే పదార్థం ఎక్కువ. అది కొవ్వులో సులువుగా కరుగుతుంది. వేడి నూనెలో కాసేపు తిప్పితే ఆ వాసన నూనెకు పట్టి, మెతుకు చుట్టూ పూతగా నిలుస్తుంది. ఈ విషయంలో మేస్త్రి గారిదే సరైన మాట.

కొత్తిమీర అలా కాదు. పచ్చి కొత్తిమీరకు ఆ వాసన ఇచ్చేవి ఆల్డిహైడ్లు అనే పదార్థాలు. అవి వేడికి తొందరగా ఎగిరిపోతాయి, మారిపోతాయి కూడా. అరగంట ఉడికిన కొత్తిమీర వట్టి ఆకుకూర అవుతుంది. కాబట్టి కొత్తిమీర ఆకు దమ్ము వేళకే వేయాలి, ఇల్లాలు గారు చెప్పిన చోటే. అన్నట్టు, పచ్చి కొత్తిమీర కొందరికి సబ్బు వాసన వేస్తుంది. ఇది వాళ్ల పేచీ కాదు. ఈ ఆల్డిహైడ్లను పసిగట్టే గ్రాహక జన్యువుల్లో తేడాకూ దానికీ సంబంధం ఉందని పరిశోధనల్లో తేలింది. మీ అతిథుల్లో అలాంటివారుంటే ముందే ఒక గిన్నెడు అన్నం కొత్తిమీర లేకుండా తీసి పెట్టండి.

ఇక రంగు. ఆకుపచ్చదనం పత్రహరితం వల్ల వస్తుంది. దాని మధ్యలో మెగ్నీషియం ఉంటుంది. వేడి, పులుపు కలిసినప్పుడు ఆ మెగ్నీషియం ఊడిపోయి, రంగు మాగిన ఆలివ్ ఛాయలోకి తిరుగుతుంది. అందుకే ఎసరులో నిమ్మరసం పిండడం, పెరుగు కలపడం చేస్తే ఆకు వెలిసిపోతుంది. మెతుకు విడివిడిగా రావాలని కొందరు నిమ్మరసం వేస్తారు. అందుకు నానబెట్టడం, దమ్ము చాలు. పుదీనా నల్లబడటానికి ఇంకో కారణం మొద్దు కత్తి. నలిగిన ఆకులో ఎంజైములు గాలితో కలిసి రంగు మారుస్తాయి. పుదీనాను తరగనే వద్దు, ఆకు ఆకుగా వేయండి. పెద్ద ఆకైతే చేత్తో రెండుగా తుంచితే చాలు.

వంటమేస్త్రి (కరీంనగర్)
శనివారం, సాయంత్రం 4:05

మేడమ్ గారూ, మంచి మాట చెప్పారు. మా గురువు గారు కొత్తిమీర కాడలు నూనెలో, ఆకు దించే ముందు వేయమనేవారు. కారణం ఎన్నడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పుదీనా మాత్రం నేను ఎప్పటిలాగే నూనెలోనే వేస్తాను.

పెరటి తులసి (హైదరాబాద్)
శనివారం, సాయంత్రం 5:20

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. అంటే పుదీనాలో ఎక్కువ భాగం నూనెలో, కొత్తిమీర కాడలు నూనెలో, ఆకు దమ్ములో. ఇది నాకు నచ్చింది.

బియ్యం గురించి ఇంకో ప్రశ్న. తమ్ముడు బాస్మతి తెస్తానంటున్నాడు. మరదలి అమ్మగారు మాత్రం బగారాకు బాస్మతి నప్పదు, సన్నబియ్యమే ఉండాలంటున్నారు. వాళ్లింట్లో రేషన్ సన్నబియ్యం కూడా ఉంది. ఏది మేలు?

మిర్యాలగూడ మిల్లు (నల్గొండ జిల్లా)
శనివారం, రాత్రి 8:10

చెల్లెమ్మా, పెద్దావిడ మాట వినండి. మా కుటుంబం వరి పండిస్తుంది, నేను మిల్లులో పని చేస్తాను. బియ్యం గురించి నాకు తెలిసింది చెబుతాను.

బాస్మతికి తనదైన వాసన ఉంటుంది. బిర్యానీలో అది కలిసొస్తుంది. బగారాలో పుదీనా వాసనకు అడ్డం తగులుతుంది. పైగా బాస్మతి మెతుకు పొడుగ్గా, పొడిగా ఉంటుంది, కూర పులుసు పట్టదు. బగారా అన్నం కూరలో కలుపుకుని తినే అన్నం. సన్నబియ్యం మెతుకు కూరను పీల్చుకుంటుంది.

మన దగ్గర సన్నబియ్యం అనగానే అందరికీ గుర్తొచ్చేది బీపీటీ 5204, అంటే సాంబ మసూరి. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైంది. ఇన్నేళ్లయినా ఇంకా దాన్నే అడిగి కొనేవాళ్లు ఉన్నారంటే ఆ బియ్యం గొప్పదనం అది. హైదరాబాద్ రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రం వాళ్లు రూపొందించిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, తెలంగాణ సోనా అంటారు, అదీ బాగుంటుంది. గింజ ఇంకా సన్నం, తొందరగా ఉడుకుతుంది కాబట్టి నీళ్లు చూసి పోయాలి.

రకం కంటే ముఖ్యం వయసు. కొత్త బియ్యం ఉడికితే జిగురు ఎక్కువ, మెతుకు మెతుకు అతుక్కుంటుంది. నిల్వ ఉన్న కొద్దీ గింజ గట్టిపడి, నీళ్లు ఎక్కువ తాగి కూడా విడిగా నిలబడుతుంది. బగారాకు కనీసం ఆరు నెలలు దాటిన బియ్యం, ఏడాది పాతవైతే మరీ మంచిది. గుర్తుపట్టడం ఎలాగంటారా? గుప్పెడు తీసి అరచేతిలో రుద్దండి. కొత్త బియ్యం తెల్లగా, చల్లగా, కాస్త తేమగా తగులుతుంది. పాత బియ్యం లేత పసుపు ఛాయతో పొడిగా గలగలలాడుతుంది. సందేహంగా ఉంటే ముందురోజు అర గ్లాసు వండి చూడండి, అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష అదే.

రేషన్ సన్నబియ్యం 2025 ఉగాది నుంచి తెలంగాణలో ఇస్తున్నారు కదా, వాటితో బగారా చేయకూడదని ఏమీ లేదు. కాకపోతే ఏ సంచిలో ఎన్ని నెలల బియ్యం ఉందో బయటికి తెలియదు. కొత్తవని అనిపిస్తే నాలుగైదుసార్లు, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, పావుగంట మాత్రమే నానబెట్టి, ఎసరు నీళ్లు తగ్గించండి. వార్చే అలవాటు ఉన్నవాళ్లు గంజి వార్చి కూడా చేస్తారు కానీ, పుదీనా వాసన పట్టిన ఎసరు పారబోయడానికి నాకు మనసు రాదు. బగారా అత్తెసరుగా వండితేనే రుచి.

డల్లాస్ తెలుగింటి (అమెరికా)
ఆదివారం, ఉదయం 6:30

ఇక్కడ నుంచి నాకూ రెండు సందేహాలు. సూపర్ మార్కెట్‌లో పుదీనా పేరుతో రెండు మూడు రకాలు ఉంటాయి. ఒకటి తెచ్చి వండితే అన్నం దగ్గు మందులా చల్లగా ఘాటుగా ఉంది. బగారా ఆకు కూడా ఇండియా దుకాణానికి వెళ్లలేక ఇక్కడి దుకాణంలో కొన్నది వేశాను, వాసన ఏదో తైలంలా వచ్చింది. తప్పు రకాలు కొన్నానా?

కృష్ణవేణి (గుంటూరు)
ఆదివారం, ఉదయం 8:00

అవునండీ, రెండూ వేరే మొక్కలవే అయి ఉంటాయి. మీకు వచ్చింది పెప్పర్‌మింట్. అందులో మెంథాల్ ఎక్కువ, నోరు చల్లబరిచేది అదే. మన వంటకు స్పియర్‌మింట్ అని చీటీ ఉన్నది తీసుకోండి. ఆకు కాస్త ముడతలుగా, అంచు రంపపు పళ్లలా ఉంటుంది. నలిపి వాసన చూస్తే తియ్యగా ఉండాలి, ముక్కులో చల్లగా గుచ్చకూడదు.

ఇక బగారా ఆకు తేడా దాని ఈనెలను చూస్తే తెలుస్తుంది. మన బగారా ఆకు దాల్చినచెక్క కుటుంబానికి చెందింది. దాని మీద కాడ దగ్గర నుంచి కొస దాకా మూడు ఈనెలు పొడుగునా సాగుతాయి. యూరప్ వంటల్లో వాడే బే ఆకుకు మధ్యలో ఒక్కటే ఈనె, దానికి రెండు వైపులా చిన్న చిన్న కొమ్మలు. అది లారెల్ చెట్టుది, వాసన నీలగిరి తైలానికి దగ్గరగా ఉంటుంది. మన ఆకు దొరకకపోతే ఒక చిన్న చెక్క ముక్క ఎక్కువ వేసుకోండి. ఆ లారెల్ ఆకు మాత్రం వద్దు.

గోదారి గట్టు (రాజమహేంద్రవరం)
ఆదివారం, ఉదయం 10:45

మా వైపు దీనికి దగ్గరగా ఉండేది కొబ్బరిపాల పలావు. ఎసరులో సగం నీళ్లు, సగం పచ్చి కొబ్బరిపాలు. కోడికూర పక్కన దానికి సాటి లేదు. తులసి గారూ, ఒక గ్లాసు కొబ్బరిపాలు కలిపి చూడండి, అన్నం మెత్తగా, తియ్యగా ఉంటుంది. పుదీనా అప్పుడు సగం సరిపోతుంది.

ఓరుగల్లు ఇల్లాలు (వరంగల్)
ఆదివారం, ఉదయం 11:20

గట్టు గారూ, కొబ్బరిపాల పలావు మా ఆడపడుచు చేస్తుంది, నాకు చాలా ఇష్టం. అయితే ఇక్కడ కలపవద్దనే చెబుతాను. తెలంగాణ మటన్ కూరలో ఎండుకొబ్బరి, గసాలు, ధనియాలు ఇప్పటికే చిక్కగా ఉంటాయి. అన్నంలోనూ కొబ్బరి చేరితే నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. కూర కారంగా, చిక్కగా ఉన్నప్పుడు పక్కనున్న అన్నం తేలిగ్గా ఉండాలి. పుదీనా పని అదే, ముద్ద ముద్దకూ నోటిని తేటపరుస్తుంది.

చార్మినార్ వాకిలి (హైదరాబాద్)
ఆదివారం, మధ్యాహ్నం 12:50

సలాం అందరికీ. మా ఇళ్లలో దీన్ని బగారా ఖానా అంటాం. భోజనాలకు పరిచే దస్తర్‌ఖాన్ మీద దాల్చా లేకుండా బగారా రాదు. శనగపప్పు మెత్తగా ఉడికించి, సొరకాయ ముక్కలు, చింతపండు రసం వేసి, మాంసం తినేవాళ్లు ఎముకలతో కూడిన ముక్కలు కలిపి, చివర ఎండుమిర్చి, జీలకర్ర, కరివేపాకు పోపు పెడితే దాల్చా. దాని పులుపు, బగారాలోని పుదీనా కలిసిన రుచి హైదరాబాద్ పెళ్లిళ్లలో తిన్నవాళ్లందరికీ తెలుసు.

మా అమ్మీ పద్ధతి ఇల్లాలు ఆపా చెప్పినదానికి దగ్గరగానే ఉంటుంది. ఆమె దృష్టి అంతా మూత మీదే. గిన్నె అంచు చుట్టూ తడి బట్ట చుట్టి, దాని మీద మూత పెట్టి, పైన రుబ్బురాయి పొత్రమో నీళ్ల గిన్నెనో బరువుగా పెడుతుంది. ఆవిరి బయటికి వస్తే వాసన కూడా దానితోనే పోతుందంటుంది. వంటింట్లో పుదీనా వాసన బాగా వస్తోందని మేము సంతోషపడితే, అది గిన్నెలో ఉండాల్సిన వాసన, బయటికి ఎందుకొచ్చిందని మూత సరిచేసేది.

ఇంకో సంగతి. దమ్ము అయ్యాక గరిటెతో గిర్రున తిప్పకండి. అట్లకాడను గిన్నె అంచు వెంబడి నిలువుగా దించి, కింది అన్నాన్ని ఒక పక్క నుంచి పైకి ఎత్తి వేయాలి. నాలుగు వైపులా అలా నాలుగుసార్లు ఎత్తితే పైన ఉన్న కొత్తిమీర అన్నమంతటా కలుస్తుంది, మెతుకు విరగదు. మేస్త్రి భాయ్ చెప్పిన మొదటి పంక్తి, ఆఖరి పంక్తి సమస్యకు కూడా ఇదే పరిష్కారం.

సీతాఫలం (మహబూబ్‌నగర్)
ఆదివారం, మధ్యాహ్నం 2:10

శాకాహారులు ఉంటే ఏం చేస్తున్నారు తులసి గారూ? బగారా పక్కన గుత్తి వంకాయ, బగారా బైంగన్ పెట్టండి. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి వేయించి నూరిన ముద్ద, చింతపండు పులుసులో చిన్న వంకాయలు. అంత తీరిక లేకపోతే ఆలుగడ్డ టమాట కూర అయినా చాలు, మా ఊళ్లో సత్యనారాయణ వ్రతాల్లో బగారాకు అదే జోడీ. పెరుగు పచ్చడిలో మాత్రం మళ్లీ పుదీనా వేయకండి, ఉల్లిపాయ, కీరదోస చాలు.

మామిడి తోపు (చిత్తూరు)
ఆదివారం, సాయంత్రం 6:00

బగారా గురించి నాకు పెద్దగా తెలియదు కానీ, ఆకు, అన్నం అనేసరికి రాయాలనిపించింది. చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు మేము సోయకూరతో (ఇంగ్లీషులో డిల్) అన్నం చేస్తాం. బెంగళూరులో సబ్బసిగె అంటారు, అక్కడ అవరెకాయల కాలంలో ఈ రెండూ కలిపి ఎన్ని రకాలు చేస్తారో లెక్కలేదు. గింజలు ముందుగా ఉప్పు వేసి ముప్పాతిక వంతు ఉడికించి పెట్టుకోవాలి. నూనెలో జీలకర్ర, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేగాక సన్నగా తరిగిన సోయకూర రెండు గుప్పెళ్లు వేసి, గింజలు, బియ్యం, నీళ్లు చేర్చి మామూలుగా వండటమే. లవంగం, చెక్క ఏవీ వద్దు, సోయకూర వాసన వాటిని సహించదు.

ఇరాన్‌వాళ్లు కూడా సోయకూర, బాకలా చిక్కుడు గింజలతో అచ్చం ఇలాంటి అన్నమే చేస్తారు, బాఘాలీ పోలో అంటారు, మాంసం పక్కన వడ్డిస్తారు. దుబాయ్‌లో పని చేసే రోజుల్లో తిన్నాను. మొదటి ముద్దకే ఇది మా ఇంటి అన్నం కదా అనిపించింది. తెలంగాణలో సోయకూర పప్పులో బాగా వాడతారు కదా, అన్నంలో ఎవరైనా వేస్తారా?

మిర్యాలగూడ మిల్లు (నల్గొండ జిల్లా)
ఆదివారం, రాత్రి 7:40

అన్నా, మా ఇంట్లో సోయకూర పెసరపప్పుతోనే. అనపగింజలు సంక్రాంతికి వస్తాయి, ఈసారి మీరు చెప్పినట్టు చేయించుకుంటాను.

పెరటి తులసి (హైదరాబాద్)
సోమవారం, ఉదయం 7:15

నిర్ణయాలు అయ్యాయి. పాత సాంబ మసూరి మూడు కిలోలు, పదిహేను లీటర్ల గిన్నె తమ్ముడి స్నేహితుడి ఇంటి నుంచి వస్తోంది. శాకాహారులు ఆరుగురున్నారు, వాళ్లకు బగారా బైంగన్. దాల్చా కూడా చేయాలని మరదలు పట్టుబట్టింది.

భోజనాలు ఒంటిగంటకు. అన్నం ఎన్నింటికి దించాలి? ఆకు శనివారం రాత్రే గిల్లి పెట్టుకోవచ్చా? మిగిలితే రాత్రికి పనికొస్తుందా?

వంటమేస్త్రి (కరీంనగర్)
సోమవారం, ఉదయం 9:30

చెల్లెమ్మా, వడ్డనకు ముప్పావుగంట ముందు దమ్ము దిగాలి. అంటే 12:15కు పొయ్యి కట్టేయాలి. మూడు కిలోలకు ఎసరు మరగడానికే ఇరవై నిమిషాలు పైన పడుతుంది, కాబట్టి 11 గంటలకు నూనె వేడెక్కాలి. బియ్యం 11 గంటలకే నానబెట్టండి, ఎసరు తయారయ్యే సరికి సరిపోతుంది. మూత తీయకుండా ఉంచితే గంట దాకా వేడి పోదు. ఇంటి పొయ్యి మంట గిన్నె నడిమధ్యనే తగులుతుంది కాబట్టి దమ్ము వేళ కింద పాత ఇనుప పెనం పెట్టండి, అడుగంటదు. గ్యాస్ సిలిండర్ ముందురోజే చూసుకోండి.

ఓరుగల్లు ఇల్లాలు (వరంగల్)
సోమవారం, ఉదయం 10:05

ఆకు శనివారం సాయంత్రం తెచ్చుకోండి, కానీ కడగవద్దు. కొత్తిమీర వేళ్లతో ఉంటే గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. పుదీనా పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆదివారం ఉదయం కాఫీ తాగాక ఇద్దరు కూర్చుంటే మూడు కట్టలు గిల్లడం ఎంతసేపు? కడిగి, ఆరబెట్టి, కొత్తిమీర మాత్రం ఎసరు మరుగుతుండగా తరగండి. నాటు కొత్తిమీర దొరికితే అదే కొనండి, కట్ట చిన్నగా, ఆకు చిన్నగా ఉంటుంది కానీ వాసనలో పెద్ద కట్టలు దాని ముందు నిలవవు.

కృష్ణవేణి (గుంటూరు)
సోమవారం, ఉదయం 11:40

మిగిలిన అన్నం విషయంలో జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు బియ్యంలో ఉంటాయి, అవి వండినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి గిన్నెలోనే ఉంటే అవి పెరిగి విషపదార్థం తయారుచేస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. భోజనాలు కాగానే వెడల్పు పళ్లేల్లో పరిచి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. రాత్రి తినేంత మాత్రమే బయటికి తీసి, పొగలు వచ్చేలా వేడి చేసుకోండి.

డల్లాస్ తెలుగింటి (అమెరికా)
సోమవారం, సాయంత్రం 7:20

స్పియర్‌మింట్ దొరికింది, ధన్యవాదాలు. ఇక్కడ కరెంటు రైస్ కుక్కర్‌లోనే వండుకోవాలి. అందులో గుంటలు కనిపించే దశ ఎలా తెలుస్తుంది? కొత్తిమీర ఎప్పుడు వేయను?

ఓరుగల్లు ఇల్లాలు (వరంగల్)
మంగళవారం, ఉదయం 6:50

పోపు, ఉల్లిపాయ, పుదీనా విడిగా బాణలిలో వేయించి, నూనెతో సహా కుక్కర్ గిన్నెలోకి మార్చండి. నీళ్లు, ఉప్పు, నానిన బియ్యం వేసి మీట నొక్కండి. మధ్యలో మూత తీయనవసరం లేదు. మీట దానంతట అది పైకి లేచి, వెచ్చగా ఉంచే దశకు రాగానే మూత తీసి కొత్తిమీర పరిచి వెంటనే మూసేయండి. పది నిమిషాల తర్వాత అట్లకాడతో పక్కల నుంచి ఎత్తి కలపండి. నీళ్లు కుక్కర్ గీత చూసి కాకుండా ఒకటికి ఒకటిముప్పావు పోయండి. ఉల్లిపాయలోనూ ఆకులోనూ నీరు ఉంటుంది కదా.